ఉకులెలె పేరు ఎలా పలకాలి? ఎందుకలా?

నాలుగు తీగల చిన్న గిటారులా ఉండే ఆ హవాయి వాద్యం పేరు మన దగ్గర రకరకాలుగా వినిపిస్తుంది. కొందరు యుకలేలీ అంటారు, కొందరు యూకలేలే అంటారు. అచ్చులో ఉకులేలే, యుకులేలే రెండూ కనబడతాయి. వీటిలో ఏది సరి?

ఆ పేరు పుట్టిన భాషలో ఎలా పలుకుతారన్నదే ప్రశ్న అయితే జవాబు చిన్నదే: ఉకులెలె. ఉ, కు, లె, లె. నాలుగూ హ్రస్వాలే. మూడో అక్షరం మీద కొంచెం ఊనిక ఉంటుంది. ఆ ఊనిక వల్ల మొదటి ‘లె’ మన చెవికి కాస్త సాగినట్టు వినబడి, చాలామంది ‘లే’ అని రాస్తారు. అందులో పెద్ద దోషమేమీ లేదు. వీటితో పాటు, మొదటి ఉకారానికి ముందు గొంతులో ఒక చిన్న బిగింపు ఉంది. దాని గురించి నిదానంగా చెప్పుకోవాలి. ఈ పేరుకు అసలు అర్థమేమిటో తేల్చేది ఆ బిగింపే.

ముందు, యుకలేలీ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఇంగ్లీషువాళ్లు ఈ మాటను చెవితో కన్నా ముందు కంటితో అందుకున్నారు. పాటల పుస్తకాల మీదా, ప్రకటనల్లోనూ అచ్చయిన పేరును తమ భాష అలవాటు చొప్పున చదువుకున్నారు. యూనిట్, యూనియన్, యూనిఫాం లాంటి మాటల్లో మొదటి అక్షరం ‘యు’ అని పలుకుతుంది కాబట్టి ఇక్కడా ‘యు’ అన్నారు. ఇంగ్లీషులో ఊనిక లేని అచ్చు ఆకారం పోగొట్టుకుని మసకబారుతుంది. అలా ‘కు’ కాస్తా ‘క’ అయింది. ఆ మసక పలుకుబడి రాతలోకి కూడా పాకి, కొన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో ఆ చోట ‘యు’ అక్షరం బదులు ‘ఇ’ అక్షరం వేశారు. ఆ స్పెల్లింగ్ ఇప్పటికీ నిఘంటువుల్లో ఉంది.

ఇక లె, లె. పొట్టి ఎకారం హల్లు ఆసరా లేకుండా అక్షరం చివర నిలబడటం ఇంగ్లీషుకు అలవాటు లేదు. ఊనిక ఉన్న ‘లె’ని ‘లేయ్’ అని సాగదీశారు, మాట చివర ఉన్నదాన్ని ‘లీ’ చేశారు. జపాను మాటలకూ ఇదే జరిగింది. కరతె అక్కడ కరాటీ అయింది, కరఓకె కారియోకీ అయింది. ఒక భాషలోని మాట ఇంకో భాషలోకి వెళ్లినప్పుడు ఇలా జరగడం సహజం. ఇంగ్లీషు మాట్లాడేవాడు యుకలేలీ అంటే అది అతని భాషలో స్థిరపడిన మాట. దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు.

మరి తెలుగువాళ్లం మనం ఎందుకు ఆ దారిన వెళ్లాలి? ఇంగ్లీషుకున్న ఇబ్బందుల్లో ఒక్కటీ మనకు లేదు. మన లిపిలో ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. హిందీ లిపిలో పొట్టి ఎకారానికి మామూలుగా గుర్తే లేదు. మనలాగే హవాయి భాషలోనూ ప్రతి అచ్చుకూ హ్రస్వం, దీర్ఘం ఉన్నాయి. దీర్ఘానికి అక్షరం పైన ఒక అడ్డగీత పెడతారు, దాని పేరు కహకో. ఇంకా దగ్గరితనం ఏమిటంటే, హవాయి భాష పూర్తిగా అజంతం. మాట చివరే కాదు, ప్రతి అక్షరమూ అచ్చుతోనే ముగుస్తుంది. సంయుక్తాక్షరాలు లేవు. తెలుగు లిపిలో రాస్తే ఒక్క ఒత్తు కూడా అవసరం పడదు. హల్లులు మొత్తం ఎనిమిదే: హ, క, ల, మ, న, ప, వ, వీటికి తోడు ఆ గొంతు బిగింపు. ఇంత తక్కువ సరంజామాతో బయటి మాటలను ఎలా ఇముడ్చుకుంటారో చూడాలంటే క్రిస్మస్ శుభాకాంక్ష ఒక్కటి చాలు. ‘మెరీ క్రిస్మస్’ వాళ్ల నోట ‘మెలె కలికిమక’ అయింది. ర ల అయింది, స క అయింది, కలిసున్న హల్లుల మధ్య అచ్చులు వచ్చి చేరాయి. ఇస్కూలు, గలాసు, బురుసు లాంటి మాటలు తయారుచేసుకున్న మనకు ఈ పద్ధతి వింతగా ఉండకూడదు.

ఇప్పుడు ఆ బిగింపు సంగతి. దాన్ని ఒకిన అంటారు. రాతలో తలకిందులైన కామాలా చిన్న గుర్తు. పిల్లవాడు పొయ్యి దగ్గరికి పాకుతుంటే తల్లి ‘అ-అ!’ అని వారిస్తుంది కదా. ఆ రెండు అకారాల మధ్య గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకుంటుంది. ఆ మూసుకోవడమే ఒకిన. తెలుగులో ఈ శబ్దం మన నోటికి తెలుసు, కానీ దానికి అక్షరం లేదు, దాన్ని బట్టి అర్థం మారదు. హవాయి భాషలో మారుతుంది. ‘కొఉ’ అని కలిపి పలికితే నీది. మధ్యలో గొంతు బిగించి ‘కొ‘ఉ’ అంటే నాది. ‘పౌ’ అంటే అయిపోయింది. దీర్ఘాలతో, మధ్యలో బిగింపుతో ‘పా‘ఊ’ అంటే స్త్రీలు నడుముకు చుట్టుకునే వస్త్రం. అంటే ఒకిన అలంకారం కాదు, క, మ, ల ఎలాంటి హల్లులో అదీ అలాంటి హల్లే.

మాట మొదట్లో ఉన్న ఒకినను పట్టుకోవడం మనకు కొంచెం కష్టం. దానికి కారణం మన భాష స్వభావంలోనే ఉంది. తెలుగు రెండు అచ్చులను పక్కపక్కన ఉండనివ్వదు. సంధి చేసి కలిపేస్తుంది, కుదరకపోతే మధ్యలో యకారాన్ని తెచ్చి కూర్చోబెడుతుంది. బడిలో బాలవ్యాకరణం చదివినవాళ్లకు యడాగమం గుర్తుండే ఉంటుంది. మా అమ్మ అనబోయి మాయమ్మ అంటాం. మాట మొదట ఉకారం వస్తే పెదవులు వాటంతటవే వకారం కలుపుతాయి. పాత అచ్చు పుస్తకాల్లో వూరు, వుత్తరం, వుంది అని రాసేవారు. కాబట్టి మన నోట ఈ వాద్యం వుకులెలె అయ్యే ప్రమాదం ఉంది. హవాయి భాషలో ఈ మాటకు ముందు ‘క’ అనే చిన్న మాట చేర్చి ‘క ‘ఉకులెలె’ అంటారు. అక్కడ క తర్వాత ఆగి, గొంతు మూసి, మళ్లీ ఉకారాన్ని ఎత్తుకోవాలి. కవుకులెలె కాదు, కౌకులెలె అంతకన్నా కాదు. ఒకిన ఉన్నచోట సంధి జరగదు. తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన సూత్రం నాకు దొరకలేదు.

ఇంత చిన్న బిగింపు మీద ఇంత పట్టింపు ఎందుకు?

ఎందుకంటే అది ఒకప్పటి కకారం. హవాయి భాష ఒంటరిది కాదు. పసిఫిక్ ద్వీపాల నిండా పరుచుకున్న పాలినీషియా భాషల కుటుంబంలోది. న్యూజిలాండ్ మావోరీలు, సమోవా, తహితి వాళ్లు మాట్లాడేవి దీనికి తోబుట్టువులు. ఈ కుటుంబంలోని పాత కకారం హవాయిలో అరిగిపోయి గొంతు బిగింపుగా మిగిలింది. ఖాళీ అయిన ఆ చోటుకు పాత తకారం జరిగి కకారమైంది. మావోరీలో పడవను వక అంటే హవాయిలో వ‘అ అంటారు. మావోరీ అరికి, హవాయి అలి‘ఇ, రెండింటికీ నాయకుడనే అర్థం. మావోరీ తపు హవాయిలో కపు అయింది. చివరికి ఆ ద్వీపం పేరు కూడా అంతే. మావోరీలు తమ పూర్వుల నేలను హవైకి అని తలచుకుంటారు. అదే మాట ఉత్తరాన హవై‘ఇ అయింది. కన్నడంలో కివి, కెరె అన్నవి మన దగ్గర చెవి, చెరువు అయినట్టే ఇదీ. ఒక మాటలో కనిపించి ఇంకో మాటలో మాయమయ్యే మార్పు కాదు, వరసగా జరిగినది.

ఈ వరస పట్టుకుంటే ఉకులెలె ముడి దానంతటదే విడుతుంది. హవాయి భాషలో ఒకినతో మొదలయ్యే ‘ఉకు అంటే పేను. మావోరీలో అదే మాట కుతు. మలయ్ భాషలోనూ పేనును కుతు అనే అంటారు. మహాసముద్రం ఇటు ఒడ్డు నుంచి అటు ఒడ్డు దాకా ఒకే మాట. ఇక ఒకిన లేని ఉకు వేరే మాట. దానికి చెల్లింపు, ప్రతిఫలం, కానుక అని అర్థాలు. మావోరీలో దాని తోబుట్టువు ఉతు, అర్థం ప్రతిఫలమే. లెలె అంటే గెంతడం, ఎగరడం. అలాగైతే ఒకినతో పలికితే ‘గెంతే పేను’, అంటే కుక్కల ఒంటి మీద ఎగిరెగిరిపడే ఆ సన్న పురుగు. ఒకిన లేకుండా పలికితే ‘వచ్చిన కానుక’ అని చెప్పుకోవచ్చు.

ఈ రెండు అర్థాలకూ ప్రసిద్ధులైన సాక్షులున్నారు. హవాయి చివరి రాణి లిలి‘ఉఒకలని గొప్ప గీతకర్త, ‘అలొహ ‘ఒఎ’ పాట ఆమెదే. ఈ పేరుకు ఇక్కడికి వచ్చిన కానుక అన్న అర్థమే ఆమె చెప్పారని అంటారు. రెండో పక్కన ఎడ్వర్డ్ పర్విస్ కథ ఉంది. రాణిగారి అన్న కలాకౌవ రాజు ఆస్థానంలో పనిచేసిన ఈ ఆంగ్లేయుడు పొట్టిగా, మహా చురుగ్గా ఉండేవాడట. హవాయివాళ్లు అతనికి ‘ఉకులెలె అని ముద్దుపేరు పెట్టారని, అతను ఈ వాద్యాన్ని ఇష్టంగా వాయించేవాడు కనుక పేరు వాద్యానికి అంటుకుందని చెబుతారు. మేరీ కవేన పుకుయి, శామ్యూల్ ఎల్బర్ట్ కలిసి కూర్చి 1957లో వెలువరించిన ప్రామాణిక నిఘంటువు కూడా బహుశా ఇదే కారణమని పర్విస్ వైపు మొగ్గింది. తీగల మీద వేళ్లు గెంతే తీరు చూసి ఆ పేరు పెట్టారనేది అందరికీ తెలిసిన మూడో కథ.

పర్విస్ కథకూ వేళ్ల కథకూ మధ్య తీర్పు చెప్పేంత సాక్ష్యం లేదు. కానుక, పురుగు వీటి మధ్య మాత్రం చెప్పవచ్చు. హవాయి భాష వచ్చినవాళ్లు ఈ మాటను ఒకినతోనే పలుకుతారు. వాద్యం పుట్టకముందు నుంచీ ఆ పురుగుకు హవాయిలో ఉన్న పేరు కూడా ఇదే. పలుకుబడి పురుగు వైపే ఉంది. అయినా రాణిగారి వివరణను నేను తేలిగ్గా తీసుకోలేను. సముద్రం దాటి వచ్చిన ఒక వస్తువును తన ప్రజలు ఎలా స్వీకరించారో చెప్పడానికి ఆమె ఎంచుకున్న తీరు అది. పైగా ఆ రోజుల్లో పత్రికల్లో, పుస్తకాల్లో ఒకినను చాలావరకు రాసేవారు కాదు. 1820లో వచ్చిన అమెరికన్ మిషనరీలు ఈ భాషకు రోమన్ లిపి కుదిర్చి, 1826లో ఏ అక్షరాలు ఉంచాలో ఏవి తీసేయాలో తేల్చారు. ఒకినకు మాత్రం అక్షరాల వరసలో చోటు దక్కలేదు. కాగితం మీద పేనూ కానుకా ఒకేలా కనబడేవి. తెలిసినవాళ్లు సందర్భాన్ని బట్టి పలుక్కునేవారు, తెలియనివాళ్లకు దారి ఉండేది కాదు.

సముద్రం దాటి వచ్చింది అన్నాను. ఈ వాద్యం మూలాలు పోర్చుగల్‌వి. అట్లాంటిక్‌లో పోర్చుగల్‌కు చెందిన మదీరా అనే ద్వీపం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి ద్రాక్షతోటలకు తెగుళ్లు తగిలి జనం బతుకు దుర్భరమైంది. ఇటు హవాయిలో 1875లో అమెరికాతో కుదిరిన ఒప్పందంతో పంచదారకు సుంకం లేని మార్కెట్ దొరికి, చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. అలా రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ మదీరా నుంచి నాలుగు వందల పైచిలుకు మందిని ఎక్కించుకుని, నాలుగు నెలల ప్రయాణం చేసి, 1879 ఆగస్టు 23న హొనొలులు రేవు చేరింది. ఆ ఓడలో వచ్చిన మాన్యుయెల్ నూనెస్, ఆగస్టో దియాస్, జొజె దొ ఎస్పిరితో సాంతో వడ్రంగం తెలిసినవాళ్లు. ఓడలో జాన్ ఫెర్నాండెస్ అనే వాయిద్యగాడు కూడా ఉన్నాడు. గట్టు చేరిన సంతోషంలో అతను వాద్యం తీసుకుని పాడుతూ వాయించాడని కథగా చెప్పుకుంటారు. కొద్ది రోజులకే హొనొలులు పత్రిక ఒకటి, కొత్తగా వచ్చిన మదీరావాళ్లు రాత్రిపూట వీధుల్లో చేసే కచేరీలు జనాన్ని అలరిస్తున్నాయని రాసింది.

వాళ్లు తెచ్చిన వాద్యాలు ముఖ్యంగా రెండు. మషేట్ అనే నాలుగు తీగల చిన్నది ఒకటి, రజావ్ అనే ఐదు తీగల పెద్దది ఇంకొకటి. తోటల్లో ఒప్పంద కాలం గడిచాక ఆ ముగ్గురు వడ్రంగులు హొనొలులులో దుకాణాలు పెట్టుకున్నారు. 1880ల మధ్య నాటికి వాద్యాలు చేసి అమ్ముతున్నారు. కొత్త వాద్యానికి మషేట్ పరిమాణం వచ్చింది, రజావ్ శ్రుతి వచ్చింది. కర్ర మాత్రం హవాయిది. కోవ అనే స్థానిక వృక్షం కలప అది, పడవలు తొలవడానికి తరతరాలుగా వాడిన చెట్టు.

ఆ శ్రుతిలో ఒక విశేషం ఉంది. మన స్వరాల్లో చెబితే నాలుగు తీగలూ వరసగా ప, స, గ, ద పలుకుతాయి. గ అంతర గాంధారం, ద చతుశ్రుతి ధైవతం. మామూలుగా తీగవాద్యాల్లో ఒక అంచున మంద్రంగా మొదలై రెండో అంచుకు తారంలోకి వెళ్తారు. ఇక్కడ మొదటి ప షడ్జానికి కింద ఉండే పంచమం కాదు, పైన ఉండేది. నాలుగూ ఒకే స్థాయిలో దగ్గరదగ్గరగా ఉంటాయి. ఉకులెలెకు ఆ తేట గొంతు రావడానికి పెద్ద కారణం ఇదే. ఈ నాలుగు స్వరాలు గుర్తుండటానికి అమెరికాలో పిల్లలకు నాలుగు మాటలు నేర్పుతారు, నా కుక్కకు పురుగులు పట్టాయి అన్న అర్థంలో. పేరులోని పురుగు అలా శ్రుతిలోకి కూడా దూరింది.

పోర్చుగీసు వడ్రంగి చేసిన వస్తువు హవాయివాళ్ల సొంతం ఎలా అయింది? అది కలాకౌవ రాజు చలవ. మిషనరీల ప్రభావంతో అణగారిపోయిన హుల నాట్యానికి ఆయన మళ్లీ రాజాస్థానంలో చోటిచ్చాడు. 1886లో జరిగిన తన యాభయ్యో పుట్టినరోజు ఉత్సవాల్లో హులతో పాటు ఉకులెలె కూడా మోగింది. రాజు తానే వాయించేవాడు. అందుకే దీన్ని పోర్చుగీసు వాద్యానికి స్థానిక రూపం అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు సమ్మతం కాదు. కర్ర, పేరు, పాట, ఆట అన్నీ హవాయివే. మన వయొలిన్ సంగతి మనకు తెలుసు. ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో ఉన్నది యూరపు వాద్యమే, వినిపించింది మాత్రం మన సంగీతం.

తర్వాతి చరిత్ర కష్టమైనది. 1893లో రాణిని గద్దె దింపారు. 1896 చట్టంతో బళ్లలో బోధన ఇంగ్లీషులో జరగాలన్నారు. 1898లో అమెరికా ఆ దేశాన్ని కలిపేసుకుంది. హవాయి భాషలో మాట్లాడినందుకు బడిలో దెబ్బలు తిన్నామని చెప్పిన పెద్దవాళ్లు ఎందరో. సరిగ్గా ఆ కాలంలోనే హవాయి సంగీతం అమెరికాను ఊపేసింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శనలో హవాయి మండపం దగ్గర ఉకులెలె విన్న జనం ఇళ్లకు వెళ్లి అదే కావాలన్నారు. గిటార్లకు పేరుపడ్డ మార్టిన్ కంపెనీ మరుసటి ఏడే ఉకులెలెలు చేయడం మొదలుపెట్టింది. అదే 1916లో హొనొలులులో శామ్యూల్ కమాక పెట్టిన కర్మాగారం ఆయన వంశం చేతుల్లో ఇప్పటికీ నడుస్తోంది. న్యూయార్క్ పాటల వ్యాపారులు హవాయి మాటల్లా వినిపించే అర్థంలేని శబ్దాలు పేర్చి పాటలు అచ్చేశారు. యుకలేలీ పలుకుబడి ఊళ్లకు ఊళ్లు పాకింది ఇలాంటి కాలంలో. వాద్యం ఇంటింటికీ చేరింది, దానికి పేరు పెట్టిన భాష మాత్రం సొంత బళ్లలోనే బహిష్కృతమైంది. ఉచ్చారణ గురించి హవాయివాళ్లు పట్టుదలగా ఉన్నారంటే దాని వెనక ఉన్నది ఇదీ.

భాష చచ్చిపోలేదు. 1978లో హవాయి రాష్ట్ర రాజ్యాంగం దానికి ఇంగ్లీషుతో పాటు అధికార హోదా ఇచ్చింది. 1984లో పూనన లెఒ పేరుతో హవాయి భాషలోనే నడిచే పసిపిల్లల బడి మొదలైంది. తర్వాత ప్రభుత్వ బళ్లలోనూ ఆ మాధ్యమం వచ్చింది. ఒకిన, కహకో గుర్తులు ఇవాళ వీధుల పేర్ల పలకల మీద కూడా కనబడతాయి. జపానువాళ్లు తమ లిపిలో ఈ వాద్యాన్ని మొదటి నుంచీ ఉకురెరె అనే రాస్తున్నారు. లకారం లేకపోయినా అచ్చులు నాలుగూ నిలబెట్టారు.

పలకడం ఎలా సాధన చేయాలి? ముందు మెల్లగా, నాలుగు అక్షరాలకూ సమానమైన కాలం ఇస్తూ ఉ, కు, లె, లె అనండి. పెదవుల్లో వకారం దూరకుండా, గొంతు మూసి ఒక్కసారి వదిలి ఉకారం పట్టండి. మూడో అక్షరం దగ్గర కొంచెం బలం పెంచండి, కానీ దీర్ఘం చేయకండి. రాసేటప్పుడు ఉకులెలె అని రాస్తే చాలు. మన లిపిలో లేని ఒకిన గుర్తును అన్నిచోట్లా పెట్టాలన్న పట్టు అక్కర్లేదు. ఇంగ్లీషులో మాట్లాడుతున్నప్పుడు యుకలేలీ అన్నా తప్పు లేదు. హవాయివాళ్ల మధ్య ఉంటే మాత్రం వాళ్లు అన్నట్టు అనడమే మర్యాద.

ఈ ఒక్క మాట నోటికి వస్తే మిగతా హవాయి పేర్లూ వస్తాయి. హొనొలులు, అలొహ, హుల, కమెహమెహ అన్నీ హ్రస్వాలే. కలాకౌవ రాజుకు ఇంకో చెల్లెలు ఉండేది. ఆమె పేరు మీద ఒఆహు దీవిలో ఒక పెద్ద రహదారి ఉంది. అమెరికా నుంచి వచ్చిన యాత్రికులు పలక చూసి దాన్ని లైక్‌లైక్ అని చదువుతారు. ఆ రాకుమారి పేరు లికెలికె.